నఫీసా ముందుపళ్లు

ఉజ్దా,
12 నవంబరు 1995

జులేఖాకి,

మా తమ్ముడికీ, నీకూ, పిల్లకీ సలాం. మీ ఊళ్లో టెలిఫోను ఎక్స్ఛేంజి తగలబెట్టారని విన్నాను. ఎవరికీ ఏమీ కాలేదట కదా, అదే చాలు. ఇక మీదట ఉత్తరాలే మనకి దిక్కు. పోస్టులో వేస్తే అది కాసాబ్లాంకా, అల్జీర్సు అన్నీ చూసుకుని తీరిగ్గా చేరుతుంది. అందుకని బూజెమాకి ఇచ్చి పంపుతున్నాను. మీ వైపునుంచి గాడిదల మీద పెట్రోలు డబ్బాలు తెచ్చి మా వైపు అమ్ముకునే మనిషి. కాగితం పెట్రోలు కంపు కొడితే ఏమీ అనుకోకు. పొయ్యి దగ్గర మాత్రం చదవకు.

మన రెండు దేశాల మధ్య హద్దు మూసేసి ఏడాది దాటింది. గంటన్నర ప్రయాణం, పొద్దున బయల్దేరి మా అమ్మ సమాధి చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు పుట్టిల్లు నాకు చంద్రమండలం అయిపోయింది. అంతకు ముందే అందరం కూర్చుని ఫాతిహా చదివి, మా జవాద్‌కీ మీ నఫీసాకీ పెళ్లి మాట అనుకున్నాం కాబట్టి సరిపోయింది. ఇంకొక్క నెల ఆలస్యమైతే ఆ ముచ్చటా ఉండేది కాదు.

జవాద్‌కి ఇక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టరుగా ఖాయం చేశారు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. గోడకి సున్నం వేస్తే కనీసం రంగు మారుతుంది, వాడికి ఉద్యోగం వచ్చినా మొహం మారలేదు. నీ కూతురు వచ్చి వాడి చేత ఎలా మాట్లాడిస్తుందో చూడాలి.

పిల్ల ఎలా ఉంది? దాని ముందుపళ్ల మధ్య ఉన్న సందు ఉంది చూశావూ, అదంటే నాకు చెప్పలేనంత ఇష్టం. మా అమ్మకీ అలాగే ఉండేది. అది నవ్వితే ఇల్లంతా వెలుగే. ఆ సందు చూసే దాన్ని కోడలిగా చేసుకుంటున్నానని చెప్పు.

ఉంటాను, వంటింట్లో ఏదో మాడుతోంది.

రహ్‌మూనా


త్లెంసెన్,
3 డిసెంబరు 1995

గౌరవనీయులైన వదినగారికి,

మీ చేతులు ముద్దాడి జులేఖా రాస్తున్నది. మీ తమ్ముడు రైల్వే ఆఫీసుకి వెళ్లి వస్తున్నారు. చీకటి పడకముందే ఇంట్లో ఉంటున్నారు. ఈ రోజుల్లో అంతకన్నా కోరుకోవలసింది ఏముంది. జవాద్ ఉద్యోగం మాట విని అందరం సంతోషించాం, ఇరుగుపొరుగుకి తీపి పంచాను.

వదినా, మీ ఉత్తరం చివరి మాటలు చదివాక మీకొకటి చెప్పక తప్పడం లేదు. నఫీసా బకలోరియా పరీక్ష పాసైనందుకు మీ తమ్ముడు దాన్ని వహ్రాన్ పట్నం తీసుకెళ్లి పళ్లకి క్లిప్పులు పెట్టించారు. కోరపన్ను పైకి తోసుకొచ్చి పిల్ల ఫొటోల్లో పెదవి బిగించేది, మీకు గుర్తుండే ఉంటుంది. నిరుటి చలికాలం నుంచి నెలకోసారి వెళ్లి వస్తున్నాం. కోరపన్ను వరసలోకి వచ్చింది. దానితోపాటే ముందుపళ్లు దగ్గరికి జరిగి సందు మూసుకుపోయింది. వచ్చే నెల తీగ తీసేస్తామన్నారు. మీకు చెప్పి చేయించవలసింది. చెప్పకుండా చేయించాం.

మన ఊరి మర్యాద నాకు తెలియనిది కాదు. కాబోయే అత్తగారు ఇంటికొచ్చి ఇత్తడి పళ్లెం బాగుందంటే ఆ పళ్లెం పిల్లతోపాటు వెళ్లాలి. నా పెళ్లికి ముందు మీ అమ్మగారు మా కిటికీలో పిట్టని మెచ్చుకున్నారు. పంజరంతో సహా పంపించాం. మీరు నోరు విడిచి అడగలేదు, అడగరు. అయినా నాకు అర్థమైంది. ఏం చెయ్యగలమో డాక్టరుగారిని అడుగుతాను. ఈ ఒక్కసారికి నన్ను క్షమించండి.

మీ మరదలు
జులేఖా


ఉజ్దా,
14 జనవరి 1996

జులేఖా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, జవాద్‌కి కూడా వినిపించబోయాను. వాడు వినకుండానే పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయాడు.

పంజరం సంగతి ఎత్తావు కదా, విను. ఆ పిట్ట తెల్లారకముందే కూసి మా అమ్మ ప్రాణం తోడేసేది. ఆవిడేదో మాటవరసకి బాగుందని అన్నది. మీ వాళ్లు పంజరం తెచ్చి గుమ్మంలో పెడితే, కాదంటే నొచ్చుకుంటారని తీసుకుంది. అది చచ్చిన రోజు ఆవిడ హాయిగా మధ్యాహ్నం దాకా పడుకుంది. మీ మర్యాదలు అలా ఉంటాయి. నేను పాతికేళ్లుగా ఉజ్దాలో ఉన్నాను. ఇక్కడ కావాలంటే కావాలని అరుస్తారు, వద్దంటే తలుపు వేసేస్తారు. నాకు ఇదే బాగుంది.

సందు మూసుకుంటే మూసుకుంది, మీ ఇష్టం. కాకపోతే ఒక్కటే భయం. ఆ సందు లేకపోతే పెళ్లిలో మా కోడలు ఎవరో పోల్చుకోలేక వేరే పిల్లని వెంటబెట్టుకొచ్చేస్తానేమో.

రంజాను దగ్గరికొచ్చింది. ఇక్కడ శనగలు పురుగు పట్టినవి అమ్ముతున్నారు. బూజెమా చేత మీ వైపు శనగలు పంపితే నీ పేరు చెప్పుకుని హరీరా సూపు కాస్తాను. ఇది మెచ్చుకోలు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

రహ్‌మూనా


త్లెంసెన్,
27 ఫిబ్రవరి 1996

వదినగారికి,

పండగ శుభాకాంక్షలు. శనగలు చేరాయని అనుకుంటాను.

మీరు ‘మీ ఇష్టం’ అని రాశారు. మన వాళ్లు ఆ మాట ఎప్పుడంటారో నాకు తెలియదా. వేరే పిల్లని తెచ్చుకుంటానేమో అని కూడా రాశారు. ఆ వాక్యం మీ తమ్ముడికి చూపించాను. ‘మా అక్క హాస్యమాడిందే, దానికి ఇంత గోలా’ అన్నారు. మగవాళ్లకి ఇలాంటివి పట్టవు. నేను రెండు రాత్రులు నిద్రపోలేదు.

నఫీసాని తీసుకుని వహ్రాన్ వెళ్లాను. సందు మళ్లీ తెరవమంటే డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘పళ్లంటే కర్టెన్లా అమ్మా, ఇటు లాగి అటు లాగడానికి? ఏడాదిపైగా లాగాం. ఎముక కుదురుకోనివ్వండి. ఆ సందు లేకపోతే వచ్చిన నష్టమేమిటి?’ అన్నారు. పెళ్లివారి మాట అని చెప్పాను. పట్టు విడవలేదు. చివరికి ఆయనే విసిగిపోయి, రెండు పళ్ల మధ్యా చిన్న స్ప్రింగు బిగించారు.

అందం కోసం పళ్ల మధ్య సందు చేయించుకోవడం మతంలో నిషేధం కదా, అందుకని వెళ్లేముందు ఇమాంగారి ఇంటికి వెళ్లి అడిగాను. ‘ఇది కొత్తగా చేయించేది కాదండీ. దేవుడిచ్చినదాన్ని మేం మూసేశాం, మళ్లీ ఆయనది ఆయనకి ఇచ్చేస్తున్నాం’ అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని ‘అలాగైతే సరే’ అన్నారు.

నఫీసా మొదట ఒప్పుకోలేదు. ‘నా నోరేమన్నా అంగడి తలుపా అమ్మా, మూసి తెరవడానికి?’ అంది.

‘మీ బావకి ఇష్టమటే.’

‘బావ అన్నాడా ఆ మాట?’

‘అత్తయ్య రాసిందంటే బావ అన్నట్టే కదా.’

అద్దం దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడింది. తర్వాత ‘అయితే తెరవమను’ అంది. దాని మొహం చూడవలసింది వదినా. బావ నోటివెంట ఒక్క మాట వినక ఏడాదిన్నర అయింది, ఈ మాట దొరికింది దానికి.

మీ
జులేఖా


ఉజ్దా,
20 ఏప్రిల్ 1996

జులేఖా,

శనగలు బ్రహ్మాండం. సగం పక్కింటావిడ పట్టుకుపోయింది.

అసలు సంగతి నాకు తెలిసిపోయింది, ఇంక దాచకు. సందు పోయాక నఫీసాకి అద్దంలో తన మొహం తనకే నచ్చలేదు. తండ్రితో చెప్పడానికి భయం. నువ్వేమో కూతురి కోరికని నా నోట్లో పెట్టి, పెళ్లివారి మాట అని డాక్టరు దగ్గర కూర్చున్నావు. త్లెంసెన్ ఆడవాళ్లకి తమకి కావలసింది కూడా ఎదుటివాళ్లే అడగాలి. సరే, నా పేరు వాడుకో, అరిగిపోదు. పిల్లకి కావాలంటే ఒకటి కాదు పది సందులు పెట్టించుకోమను. దాని నోరు, దాని సరదా.

పెళ్లి వచ్చే వేసవికి అనుకుందాం. హద్దు తెరుస్తారని పేపర్లో రాస్తూనే ఉన్నారు. తెరవకపోతే పెళ్లికొడుకుని గాడిద మీద కూర్చోబెట్టి బూజెమా వెంట పంపిస్తాను, పెట్రోలు డబ్బాల మధ్య వాడూ ఒక డబ్బా అనుకుంటారు. మా అత్తగారు నాకు పెట్టిన ముత్యాల పేటలు పిల్లకోసం మళ్లీ గుచ్చిస్తున్నాను. పెళ్లిపీట మీద మా వైపు పిల్లలు ఈ మధ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. మన ఊళ్లో పెళ్లికూతురు కళ్లు దించుకుని పెదవి కదపకుండా కూర్చోవాలి కదా, నా పెళ్లప్పుడు ఆకలికి ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా లేకపోయింది.

మోకాళ్ల నొప్పులు తప్ప అంతా క్షేమం.

రహ్‌మూనా


త్లెంసెన్,
6 అక్టోబరు 1996

వదినగారికి,

ఇన్నాళ్లు రాయనందుకు ఏమీ అనుకోకండి. రాయడానికి మంచి వార్త దొరుకుతుందేమోనని చూశాను.

జూన్‌లో మేం వహ్రాన్ వెళ్లేసరికి డాక్టరుగారి గదికి షట్టరు దించి ఉంది. కింద మందుల కొట్టతను చెప్పాడు, ఆయనకి బెదిరింపు ఉత్తరం వచ్చిందట, మర్నాడే పెళ్లాం పిల్లలతో ఫ్రాన్సు వెళ్లిపోయాడట. ఆయన్ని తప్పు పట్టలేను. కానీ పిల్ల నోట్లో తీగా స్ప్రింగూ అలాగే ఉన్నాయి, ఎవరు తియ్యాలో ఎవరు చూడాలో తెలియదు. ఆ దారిలోనే ఆగస్టులో సిపాయిల బట్టలు కట్టుకున్నవాళ్లు బస్సు ఆపి, దింపినవాళ్లలో సగం మందినే తిరిగి ఎక్కించారు. మీ తమ్ముడు ఇక ఊరు దాటొద్దన్నారు.

మా వీధి చివర పళ్లు పీకే డాక్టరు ఒకాయన ఉన్నారు. ‘ఇది నా చదువు కాదమ్మా, కావాలంటే తీగలన్నీ ఊడదీసేస్తాను’ అన్నారు. అప్పటికి సందు ఇంకా బియ్యపుగింజంత కూడా రాలేదు. ఊడదీస్తే మళ్లీ పెట్టేవాళ్లు లేరు. మీకు ఇచ్చిన మాట సగంలో పోతుంది. అందుకని తియ్యొద్దు, బిగించండి అన్నాను. తీగ మార్చి బిగిస్తున్నారు. బిగించిన వారం పిల్ల సూపు తప్ప ఏమీ తాగదు. అయినా ఒక్క మాట అనదు. ‘పెళ్లి నాటికి వస్తుందా అమ్మా?’ అని మాత్రం అడుగుతుంది.

జవాద్‌కి ఇవన్నీ చెప్పకండి.

జులేఖా


ఉజ్దా,
10 నవంబరు 1996

జులేఖా,

వహ్రాన్ దారి సంగతి చదివాను. పిల్లని గడప దాటనివ్వకండి. కాలేజీ చదువు పోతే పోయింది.

క్లిప్పుల డాక్టరు పోతే ఇంకొకడు దొరికాడు కదా, ఇంకేం. మన ప్రభుత్వాలు హద్దు మూసుకుని కూర్చున్నాయి, కనీసం నఫీసా పళ్లయినా తెరుస్తున్నారు. గట్టిగా బిగించమను, బూజెమా గాడిద దూరేంత సందు రావాలి. నేను రోజూ ఈ కబుర్లే చెప్పుకుని నవ్వుకుంటున్నాను. లేకపోతే ఏడవాలి. ఇక్కడ మా వీధిలో అందరికీ అటువైపు ఎవరో ఒకరున్నారు.

నీ ఉత్తరం బల్ల మీద ఉంటే జవాద్ చదివాడు. వద్దన్నావని నేను ఇవ్వలేదు, వాడే తీసి చదివాడు. రెండోసారి చదివాడు. అంటే సంతోషపడ్డాడనే నేను అనుకుంటున్నాను. వాడి విషయంలో అన్నీ మనమే అనుకోవాలి.

జూలై మొదటివారం ముహూర్తంగా పెట్టుకున్నాను. త్వరపడండి.

రహ్‌మూనా


త్లెంసెన్,
19 జనవరి 1997

వదినా,

ఉపవాసాల్లో ఉన్నాం. అంతా బాగుంది. సందు మీరు మెచ్చినట్టే వచ్చింది. జవాద్ రెండుసార్లు చదివాడని నఫీసాతో చెప్పాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఆ నాలుగు వాక్యాలూ చాలాసేపు చూసింది. ఎక్కువ రాయలేను, పొయ్యి మీద పని ఉంది.

జులేఖా


త్లెంసెన్,
16 మార్చి 1997

వదినగారికి,

కిందటిసారి అంతా బాగుందని రాశాను. అబద్ధం రాశాను.

డిసెంబరు నుంచే నఫీసా పళ్లు కదులుతున్నాయి. నాలుకతో తోస్తే ఊగుతున్నాయని అది చెప్పలేదు, నేను అడగలేదు. పండగనాడు రొట్టె అంచు కొరికింది. ముందుపన్ను ఒకటి లోపలికి వాలిపోయింది. దాన్ని వేలితో పట్టుకుని మళ్లీ నిలబెట్టుకుని, ఏమీ జరగనట్టు గిన్నెలు తీసింది.

పెద్దాసుపత్రిలో పళ్ల డాక్టరమ్మ ఒకావిడ కొత్తగా వచ్చింది, నఫీసా కన్నా నాలుగేళ్లు పెద్దదేమో. ముందు ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుంది. పన్ను పైకి ఎంత కనపడుతుందో దానికంటే ఎక్కువే చిగురు లోపల ఉండాలట. అదే వేరు. నఫీసా పైవరసలో ముందున్న నాలుగు పళ్లకీ వేరు సగం కూడా లేదు. చప్పరించిన పిప్పరమెంటులా కొసలు గుండ్రంగా అరిగి ఉన్నాయి. నాకు చదువు లేదు గానీ ఆ బొమ్మ అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

‘ఎన్నాళ్లుగా లాగుతున్నారు?’ అంది.

‘రెండేళ్లు దాటింది.’

‘మధ్యలో ఎప్పుడైనా ఇలా ఫొటో తీశారా?’

‘లేదమ్మా. నొప్పి ఉందని కూడా పిల్ల పెద్దగా అనలేదు.’

‘దీనికి నొప్పి ఉండదు. అదే చిక్కు. పన్నుని కదుపుతున్నంత కాలం కొందరిలో ఒళ్లే ఆ వేరుని కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఆపి విశ్రాంతి ఇవ్వాలి. ఒకసారి దగ్గరికి లాగి, వెంటనే మళ్లీ దూరం ఎందుకు లాగారు?’

పెళ్లివారు అడిగారని చెప్పాను. ఆవిడ నన్నొకసారి చూసి కలానికి మూత పెట్టింది. నఫీసా అప్పుడు కిటికీ వైపు చూస్తోంది.

తీగ అంతా తీసేశారు. ఇక ముందు అరగదట, కానీ పోయిన వేరు తిరిగి రాదు. వెనకవైపు సన్నని తీగతో నాలుగు పళ్లనీ కలిపి అతికించారు. ఎడమవైపుదాని మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. మిగిలినవి ఏళ్ల తరబడి ఉన్నా ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ముందుపళ్లతో ఇక దేన్నీ కొరకకూడదు. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు ఉబ్బుతాయి కాబట్టి అప్పుడు మరీ జాగ్రత్త అన్నారు. దానికి ఇరవై ఏళ్లు వదినా. రొట్టె తుంచి కాఫీలో నానబెట్టుకుని ముసలమ్మలా తింటోంది. నవ్వడం మానేసింది.

నేను ఏడుస్తుంటే అదే నన్ను ఓదార్చింది. ‘బావ ఒక్కటి అడిగాడు, అది ఇచ్చాను. ఊరికే పోలేదు కదమ్మా’ అంది.

పళ్లు లేని కోడలు మీకు వద్దనిపిస్తే మాట వెనక్కి తీసుకోండి. మీ తమ్ముడు కూడా ఏమీ అనుకోరు. మా తప్పుకి జవాద్ బతుకు ఎందుకు పాడుకావాలి.

జులేఖా


ఉజ్దా,
6 ఏప్రిల్ 1997

జులేఖా,

నేను అడగలేదు.

నీ ఉత్తరం చదివి పొద్దుటినుంచి ఈ ఒక్క మాటే అనుకుంటున్నాను. నేను ఎప్పుడు అడిగాను? పిల్ల ముద్దుగా ఉంటుందని రాశాను. ఉత్తరంలో చివర ఏదో ఒకటి రాయాలి కదా, మంచి మాట రాశాను. నువ్వు సందు తెరిపిస్తున్నావంటే అది పిల్ల సరదా అనుకున్నాను. గట్టిగా బిగించమన్నది నేనే. ఈ చేత్తోనే రాశాను. నువ్వు ఎదురుగా ఉంటే నేను పడీపడీ నవ్వుతున్నానని నీకు కనపడేది. కాగితం మీద నవ్వు కనపడదని ఈ వయసులో తెలిసింది నాకు. నీ మీద కోపంగా ఉంది, నా మీద అసహ్యంగా ఉంది.

జవాద్‌ని పిలిచి కూర్చోబెట్టాను. ‘నఫీసా పళ్ల సందు నీకిష్టమని నాతో ఎప్పుడైనా అన్నావా?’ అని అడిగాను.

‘ఏ సందు?’ అన్నాడు.

దాని పళ్ల మధ్య సందు ఉండేదనే వాడికి తెలియదు, ఉత్తరంలో చదివిందంతా ఏదో వైద్యం అనుకున్నాడట. ఆ రోజు ఉత్తరం రెండుసార్లు ఎందుకు చదివావురా అంటే, నఫీసా సూపు తప్ప తాగడం లేదని రాసి ఉంది, అందుకని చదివాను అన్నాడు. చిన్నప్పుడు అది గచ్చు మీద పడితే మోచేతికి ఎక్కడ మచ్చ పడిందో చెప్పాడు. కోపం వస్తే అది ఎలా మౌనంగా ఉంటుందో చెప్పాడు. పళ్లవైపు మాత్రం ఎప్పుడూ చూడనే లేదట. జరిగిందంతా చెప్పాను. లేచి వెళ్లి పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు.

మాట వెనక్కి తీసుకోవడం అన్న మాట ఇంకోసారి రాస్తే నేనే ఆ గాడిద ఎక్కి వచ్చి నీ చెంప పగలగొడతాను. పళ్లన్నీ ఊడి బోసినోటితో వచ్చినా అది నా కోడలే.

ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. పెద్దపండగ వెళ్లగానే జవాద్ వస్తాడు, బూజెమా వాళ్లు దారి చూపిస్తారు. వేసవిదాకా ఆగక్కర్లేదు, నలుగురి మధ్య పెళ్లి చేసేద్దాం.

రహ్‌మూనా


త్లెంసెన్,
13 ఏప్రిల్ 1997

వదినా,

మీ ఉత్తరం నఫీసాకి వినిపించలేదు. చదివి, పొయ్యిలో పెట్టేశాను.

‘అత్తయ్య ఏం రాసింది?’ అని అడిగింది. ‘మీ బావ వస్తున్నాడట’ అన్నాను. పళ్ల సంగతి తెలిసే వస్తున్నాడా అని అడిగింది. తెలిసే వస్తున్నాడని చెప్పాను. అప్పుడు, ఎన్నో నెలల తర్వాత, మూసిన పెదవులతోనే కాస్త నవ్వింది.

మీరు రాసింది నిజం. నాకు అది కావలసిందే, నేను చచ్చేదాకా మొయ్యాలి. కానీ దానికి వద్దు. నా కూతురు ఇప్పుడు నిలబడి ఉన్నదల్లా ఒక్క మాట మీద. బావకి ఇష్టమైంది తను ఇచ్చింది. రొట్టె నానబెట్టుకుంటున్నప్పుడూ, అద్దం ముందు నోరు మూసుకున్నప్పుడూ దానికి ఆ మాటే ఆధారం. ఎవరూ అడగలేదనీ, ఎవరూ చూడనైనా చూడలేదనీ తెలిస్తే ఇక దానికి మిగిలేది ఏమిటి? ఊగే పళ్లూ, తెలివితక్కువ తల్లీ. నన్ను అసహ్యించుకుంటే భరిస్తాను. తన నోటికి పట్టిన గతికి అర్థం లేదని దానికి తెలియడం మాత్రం నేను చూడలేను.

పెళ్లయి ఇన్నేళ్లలో నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏదీ నోరు విడిచి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇందులో చాటుమాటు ఏమీ లేదు. మీరు వేరే అర్థం వెతకొద్దు. జవాద్ చేత అబద్ధం చెప్పించండి. ఆ సందంటే తనకి ప్రాణమని, అమ్మ చేత తనే రాయించానని చెప్పమనండి. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, ముసలివాళ్లయ్యాక కూడా ఆ మాట మార్చొద్దని చెప్పండి. ఇంక మీ దగ్గర నాకేమీ వద్దు.

జులేఖా


ఉజ్దా,
24 ఏప్రిల్ 1997

జులేఖా,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం చేతికి వచ్చింది. పండగకి సిపాయిలు ఎక్కువమంది ఉన్నారని బూజెమా తమ్ముడు మీ వైపు మగ్నియాలోనే ఆగిపోయాడట, ఉత్తరం వాడి జేబులోనే ఉండిపోయింది.

జవాద్ మొన్ననే బయల్దేరాడు. నువ్వు ఇది చదివేసరికి మీ ఇంట్లో ఉండి ఉంటాడు, లేదా వచ్చి వెళ్లిపోయి ఉంటాడు. మీ వైపు ఫోను మోగడం లేదు. పోస్టాఫీసులో అమ్మాయి నా కోసం మూడు నంబర్లు తిప్పి చూసింది, తర్వాత తల అడ్డంగా ఊపింది. హద్దు దాకా టాక్సీలో వెళ్లి వచ్చాను. అక్కడ అరిస్తే వినిపించేంత దూరంలో మీ దేశం ఉంది, వాడు లేడు.

వాడికి ఏం మాట్లాడాలో తెలియదని నీకు తెలుసు. అందుకని నేనే నేర్పించి పంపాను. నా మాటలు పట్టుకుని పిల్ల తన పళ్లు పోగొట్టుకుంది, పాపం బావకి నచ్చనేమోనని కుమిలిపోతూ ఉంటుంది, ముందు ఆ బెంగ తియ్యాలి అనుకున్నాను. సలాం చెప్పగానే, కూర్చోకముందే చెప్పమన్నాను. ‘నీ పళ్లలో సందు ఉందో లేదో నేనెప్పుడూ చూడనే లేదు నఫీసా, నేనేమీ అడగలేదు.’ వాకిట్లో నిలబెట్టి నాకు ఒప్పజెప్పించుకున్నాను. మొదటిసారి గొణిగాడు. దాని కళ్లలోకి చూసి, స్పష్టంగా, అందరూ వినేలా చెప్పాలిరా అని దిద్దాను. రెండోసారి చక్కగా చెప్పాడు.

మా తమ్ముడి ఇంట్లో పెరిగి ఉంటే మొహమాటపడి మింగేసేవాడేమో. వాడు నా పెంపకం జులేఖా. చెప్పమన్నది చెప్పకుండా ఉండడు.

రహ్‌మూనా